హిప్నాసిస్: తరచుగా అడిగే ప్రశ్నలు, తరచుగా వినిపించే అపోహలు

హిప్నాసిస్ అంటే భయపడేవారూ, దాని నుంచి అద్భుతాలు ఆశించేవారూ నిజానికి ఒకే పొరపాటు చేస్తున్నారు. శక్తి అంతా హిప్నటైజ్ చేసే వ్యక్తి చేతిలోనే ఉందని ఇద్దరూ నమ్ముతున్నారు. రెండు వందల ఏళ్లకు పైగా సాగిన పరిశీలనలో తేలినది ఇందుకు దాదాపు విరుద్ధం. ఆ సామర్థ్యం ప్రధానంగా సూచనలు వింటున్న మనిషిది. కింది ప్రశ్నల్లో చాలావాటికి జవాబు ఈ విషయం దగ్గరే మొదలవుతుంది.

హిప్నాసిస్ అంటే అసలు ఏమిటి?

ధ్యాస ఒకే విషయం మీద గాఢంగా నిలిచి, చుట్టుపక్కల సంగతుల మీద ఎరుక తగ్గి, అందుతున్న సూచనలకు స్పందించే గుణం పెరిగే మానసిక స్థితిని హిప్నాసిస్ అంటారు. అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్‌లో ఈ రంగాన్ని చూసే విభాగం 2014లో ప్రకటించిన నిర్వచనం సారాంశం కూడా ఇదే. నవలలో మునిగిపోయిన పాఠకుడికి పక్క గదిలోంచి పిలిచిన పిలుపు వినిపించకపోవడం మనకు తెలిసిన అనుభవమే. అలా మునిగిపోయే గుణాన్ని హిప్నాసిస్‌లో ఒక పద్ధతి ప్రకారం మేల్కొలిపి, ఒక ప్రయోజనం కోసం వాడుకుంటారు.

ఇందులో గమనించవలసిన ప్రత్యేకత ఒకటుంది. "మీ చెయ్యి తేలికైపోయి పైకి లేస్తోంది" అన్న సూచన విన్నప్పుడు, బాగా స్పందించే వ్యక్తికి తాను చెయ్యి ఎత్తినట్టు అనిపించదు. చెయ్యి దానంతట అదే లేచినట్టు అనిపిస్తుంది. చేసింది తానే అయినా, చేస్తున్నానన్న భావన మాత్రం ఉండదు. పరిశోధకులను ఇన్నేళ్లుగా ఆకర్షిస్తున్నదీ, చూసేవారిలో అపోహలకు కారణమవుతున్నదీ ఈ భావనే.

హిప్నాసిస్ కోసం వెళితే ఏం చేస్తారు?

బాధ్యతగల చికిత్సకులు మొదట మీ సమస్య, ఆరోగ్య చరిత్ర, హిప్నాసిస్ గురించి మీకున్న భయాలు, ఆశలు అడిగి తెలుసుకుంటారు. తర్వాత మిమ్మల్ని సౌకర్యంగా కూర్చోబెట్టి, ఒక బిందువు మీద చూపు నిలపమనో, శ్వాసను గమనించమనో, మీకు ప్రశాంతంగా అనిపించే చోటును ఊహించుకోమనో నెమ్మదిగా చెబుతారు. ధ్యాస కుదిరిన తర్వాత మీ సమస్యకు తగిన సూచనలు ఇచ్చి, చివరికి అంకెలు లెక్కపెట్టడం వంటి పద్ధతితో మామూలు ఎరుకలోకి తీసుకువస్తారు. ఊగే గడియారం అవసరం లేదు. చూపుతో కట్టిపడేయడమూ ఉండదు.

హిప్నాసిస్ ఒక రకమైన నిద్రేనా?

కాదు. కళ్లు మూసుకుని కదలకుండా ఉన్న మనిషిని బయటి నుంచి చూసినవారికి అలా అనిపిస్తుంది, అంతే. మెదడు విద్యుత్ తరంగాలను నమోదు చేసే ఈఈజీ పరీక్షలో హిప్నాసిస్‌లో ఉన్నవారి మెదడు నిద్రలోని మెదడులా కాక, మేలుకొని ఉన్న మెదడులాగే కనిపిస్తుంది. 1840 దశకంలో హిప్నాటిజం అనే పేరును ప్రచారంలోకి తెచ్చిన స్కాటిష్ శస్త్రవైద్యుడు జేమ్స్ బ్రెయిడ్ కూడా, ఇది నిద్ర కాదనీ ఒకే ఆలోచన మీద మనసు కేంద్రీకృతం కావడమనీ తర్వాతి కాలంలో గుర్తించి, పేరు మార్చాలని ప్రయత్నించాడు. అప్పటికే పాత పేరు స్థిరపడిపోయింది. ఇంకా స్పష్టమైన ఆధారం 1976లో దొరికింది. ఎవా బాన్యాయ్, ఎర్నెస్ట్ హిల్గార్డ్ అనే పరిశోధకులు, వ్యాయామ సైకిల్ తొక్కుతూ పూర్తి చురుకుదనంతో ఉన్నవారిలో కూడా హిప్నాసిస్ కలిగించవచ్చని చూపించారు. కళ్లు మూసుకోవడం, ఒళ్లు సడలించడం వీలు కోసం పెట్టుకున్న పద్ధతులే తప్ప తప్పనిసరి లక్షణాలు కావు.

హిప్నాటిస్టుకు ఏదైనా ప్రత్యేక శక్తి ఉంటుందా?

ఈ నమ్మకానికి పెద్ద చరిత్రే ఉంది. ఫ్రాంజ్ ఆంటన్ మెస్మర్ అనే వైద్యుడు 18వ శతాబ్దం చివర్లో వియన్నాలోను, తర్వాత పారిస్‌లోను, తనలోంచి ప్రవహించే ఒక అదృశ్య అయస్కాంత ద్రవంతో రోగాలు నయం చేస్తున్నానని ప్రకటించాడు. రోగుల్లో చాలామంది నిజంగానే మూర్ఛలాంటి స్థితిలోకి వెళ్లేవారు, కొందరికి బాధలు తగ్గేవి కూడా. 1784లో ఫ్రెంచి రాజు పదహారో లూయీ నియమించిన విచారణ సంఘంలో బెంజమిన్ ఫ్రాంక్లిన్, రసాయన శాస్త్రవేత్త లావోయిజియే ఉన్నారు. వారు చేసిన పరీక్షలు ఈనాటి వైద్య ప్రయోగాలకు ముందుతరం నమూనాలని చెప్పవచ్చు. అయస్కాంత శక్తి ప్రసరిస్తోందని నమ్మినవారు, నిజానికి ఏమీ ప్రసరించకపోయినా స్పందించారు. తమకు తెలియకుండా ప్రసరింపజేసినప్పుడు మాత్రం ఏ మార్పూ కనిపించలేదు. కాబట్టి ద్రవమంటూ ఏదీ లేదనీ, ఫలితాలకు కారణం ఊహాశక్తేననీ సంఘం తేల్చింది.

అక్కడితో విషయం ముగిసిందని సంఘం భావించింది కానీ, నా దృష్టిలో అసలైన ప్రశ్న అక్కడే మొదలైంది. కేవలం ఊహ మనిషి శరీరాన్ని అంతగా కదిలించగలిగితే, ఆ ఊహనే అధ్యయనం చేయాలి కదా? ఆ దిశలో స్పష్టంగా మాట్లాడిన తొలి వ్యక్తుల్లో గోవాలోని కాండోలిమ్‌లో 1756లో పుట్టిన క్రైస్తవ మతగురువు అబే ఫారియా ఒకరు. ఆయన పారిస్‌లో 1813 నుంచి బహిరంగ ప్రదర్శనలు ఇస్తూ, ఈ స్థితికి కారణం నిర్వాహకుడి శక్తి కాదనీ, పాల్గొనే వ్యక్తి మనసులోని ఏకాగ్రత, నమ్మకం, ఎదురుచూపులేననీ వివరించాడు. సమకాలికులు ఆయనను ఎగతాళి చేశారు. తర్వాతి పరిశోధన మొత్తం మీద ఆయన చెప్పిన వైపే నడిచింది.

అలాగని చికిత్సకుడి నైపుణ్యానికి విలువ లేదని కాదు. నమ్మకం కలిగించడం, రోగికి సరిపోయే మాటలు ఎంచుకోవడం, సమస్యను సరిగా అర్థం చేసుకోవడం నేర్చుకోవలసిన విద్యలే. అవి విద్యలే గాని మహిమలు కావు.

ఎవరినైనా హిప్నటైజ్ చేయవచ్చా? మనసు బలహీనంగా ఉన్నవారే లోబడతారా?

ఈ సామర్థ్యం మనిషికీ మనిషికీ మారుతుంది. దీన్ని కొలవడానికి ఆండ్రే వైట్జెన్‌హోఫర్, ఎర్నెస్ట్ హిల్గార్డ్ 1959లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ప్రామాణిక కొలమానాలు రూపొందించారు. చేతులు బిగుసుకోవడం, లేని ఈగ ముసురుతున్నట్టు అనిపించడం వంటి సూచనలను ఒక్కొక్కటిగా ఇచ్చి, ఎన్నింటికి స్పందించారో లెక్కిస్తారు. ఇటువంటి కొలతల్లో దాదాపు 10 నుంచి 15 శాతం మంది చాలా ఎక్కువగా స్పందిస్తారు, అంతే నిష్పత్తిలో మరికొందరు దాదాపు స్పందించరు, మిగిలిన ఎక్కువమంది మధ్యస్థంగా ఉంటారు. ఈ గుణం ఒకే మనిషిలో ఏళ్ల తరబడి పెద్దగా మారదు. స్టాన్‌ఫర్డ్‌లో పరీక్షించినవారిని 25 ఏళ్ల తర్వాత మళ్లీ పరీక్షించినప్పుడు కూడా ఫలితాలు చాలావరకు పోలి ఉన్నాయని 1989లో ప్రచురించారు.

తెలివితక్కువతనంతోనో, అమాయకత్వంతోనో, మనోబలం లేకపోవడంతోనో ఈ గుణానికి సంబంధం కనిపించలేదు. ఊహాలోకంలో లీనమయ్యే స్వభావంతో మాత్రం కొంత సంబంధం ఉంది. బాగా స్పందించడం లోపం కాదు, స్పందించకపోవడం గొప్పా కాదు.

నా ఇష్టానికి వ్యతిరేకంగా నాతో పనులు చేయించగలరా?

చాలామంది మనసులో ఉన్న అసలు భయం ఇదే కాబట్టి కొంచెం వివరంగా చెప్పాలి. హిప్నాసిస్‌లో ఉన్న మనిషి మరమనిషిగా మారిపోడు. నచ్చని సూచనను తోసిపుచ్చగలడు, మాట్లాడగలడు, లేచి వెళ్లిపోగలడు. బుద్ధిని ఇంకొకరికి బానిస చేసే వశీకరణం వంటిది ఇందులో లేదు.

అయితే కొన్ని పాత ప్రయోగాల్లో, హిప్నాసిస్‌లో ఉన్నవారు ప్రమాదకరమైన పనులకు కూడా సిద్ధపడ్డారన్న మాట నిజమే. విషసర్పాన్ని పట్టుకోమన్నా, ఆమ్లంలో చెయ్యి పెట్టమన్నా వారు వెనుకాడలేదు. మార్టిన్ ఓర్న్, ఫ్రెడరిక్ ఎవాన్స్ 1965లో ఇదే ప్రయోగాన్ని మరింత జాగ్రత్తగా చేశారు. హిప్నాసిస్‌లో ఉన్నట్టు కేవలం నటించమని కొందరిని కోరి, వారికీ అవే ఆదేశాలు ఇచ్చారు. నటించినవారు కూడా ఆ పనులకు సిద్ధపడ్డారు. ఇది ప్రయోగశాల కనుక తమకు హాని జరగకుండా ఏదో ఏర్పాటు ఉండే ఉంటుందని వారు ఊహించారు, ఆ ఊహ నిజమే కూడా. అంటే వారిని ఆ పనులకు పురికొల్పింది హిప్నాసిస్ కాదు, ప్రయోగం నిర్వహిస్తున్నవారి మీద ఉన్న నమ్మకం.

దీనిలో ఊరటతో పాటు హెచ్చరిక కూడా ఉంది. హిప్నాసిస్ మీ ఇష్టాన్ని తుడిచిపెట్టలేదు కాని, ఏ చికిత్సలోనైనా రోగి తన నమ్మకాన్ని ఎదుటివారి చేతిలో పెడతాడు, ఆ నమ్మకాన్ని దుర్వినియోగం చేసేవారు ఉండవచ్చు. అందుకే "హిప్నాసిస్‌లో చెడు జరగడం అసాధ్యం" అని ఎవరైనా భరోసా ఇస్తే, ఆ మాటను నేను ఒప్పుకోలేను. ఎవరి దగ్గర కూర్చుంటున్నామన్నది ముఖ్యమైన విషయం.

మరి వేదిక మీద జనం కోడిలా కూస్తూ, గెంతుతూ కనిపిస్తారు కదా?

ప్రదర్శకుడు మొదట ప్రేక్షకులందరికీ చిన్న చిన్న పరీక్షలు పెట్టి, బాగా స్పందించేవారిని, ఉత్సాహంగా ముందుకు వచ్చేవారిని ఎంచుకుంటాడు. వేదిక ఎక్కినవారు తమాషాలో పాలుపంచుకోవడానికి సిద్ధపడే వస్తారు. వందలమంది చూస్తున్నప్పుడు మధ్యలో ఆపి దిగిపోవడం సులభం కాదు కాబట్టి సహకరించాలన్న ఒత్తిడి కూడా పనిచేస్తుంది. కొందరికి అనుభవం నిజంగానే కలుగుతుంది, కొందరు అనుకరిస్తారు, చాలామందిలో రెండూ కలగలిసి ఉంటాయి. బ్రిటన్‌లో ఇటువంటి ప్రదర్శనలను నియంత్రించడానికి 1952లో ప్రత్యేక చట్టమే చేశారు; 18 ఏళ్లు నిండనివారిని ప్రదర్శనలో హిప్నటైజ్ చేయడం దాని ప్రకారం నేరం.

హిప్నాసిస్‌లోనే ఉండిపోతే?

ఉండిపోరు. చికిత్సకుడు మధ్యలో గది విడిచి వెళ్లిపోయినా, కాసేపటికి మీ అంతట మీరే మామూలుగా కళ్లు తెరుస్తారు, లేదా నిద్ర పట్టి లేస్తారు.

తర్వాత ఏమీ గుర్తుండదా?

ఎక్కువమందికి జరిగినదంతా గుర్తుంటుంది. మరచిపోవాలని ప్రత్యేకంగా సూచన ఇచ్చినప్పుడు, అదీ బాగా స్పందించేవారిలోనే, తాత్కాలిక మరపు కలుగుతుంది; ముందుగా అనుకున్న సంకేతం ఇస్తే ఆ జ్ఞాపకం తిరిగి వస్తుంది. "నాకు అన్నీ వినిపిస్తూనే ఉన్నాయి, కాబట్టి నాకు పనిచేయలేదు" అని చాలామంది నిరాశపడుతుంటారు. వినిపించడమే సహజం.

హిప్నాసిస్‌లో మనిషి నిజమే చెబుతాడా? రహస్యాలు బయటపెడతాడా?

హిప్నాసిస్‌లో అబద్ధం చెప్పవచ్చు, మౌనంగానూ ఉండవచ్చు. రహస్యాన్ని దాచుకోవాలనుకున్న మనిషి దాచుకోగలడు. ఇది సత్యాన్ని రాబట్టే పరికరం కాదు.

మరచిపోయిన సంఘటనలను హిప్నాసిస్‌తో గుర్తుకు తెచ్చుకోవచ్చా?

ఈ పేజీలో ఒక్క జవాబే చదివే తీరిక ఉంటే, ఇది చదవమని కోరతాను. ఎందుకంటే మిగిలిన అపోహల వల్ల భయమో నిరాశో కలుగుతుంది, ఈ అపోహ వల్ల కుటుంబాలు విచ్ఛిన్నమయ్యాయి, నిర్దోషుల మీద నేరాలు పడ్డాయి.

మనం చూసినదంతా మెదడులో ఎక్కడో యథాతథంగా నమోదై ఉంటుందనీ, హిప్నాసిస్ ఆ తలుపు తెరుస్తుందనీ చాలామంది నమ్ముతారు. జ్ఞాపకం అలా పనిచేయదు. గుర్తు చేసుకున్న ప్రతిసారీ మెదడు మిగిలిన ఆనవాళ్లను, ఊహలను, తర్వాత విన్న విషయాలను కలిపి ఆ సంఘటనను కొత్తగా అల్లుకుంటుంది. హిప్నాసిస్‌లో మనిషి ఎక్కువ వివరాలు చెబుతాడన్నది నిజమే. కాని వాటిలో సరైనవాటితో పాటు తప్పులు కూడా పెరుగుతాయి, పైగా ఆ తప్పుల మీద అతనికి గట్టి నమ్మకం ఏర్పడుతుంది. ఊహకు, జ్ఞాపకానికి మధ్య గీత చెరిగిపోయే సమయంలో "ఇంకా గుర్తు తెచ్చుకోండి" అని ఒత్తిడి చేస్తే జరిగేది అదే.

జాన్-రోష్ లోరాన్స్, క్యాంప్‌బెల్ పెర్రీ 1983లో ప్రచురించిన ప్రయోగంలో, బాగా స్పందించే 27 మందిని హిప్నాసిస్‌లో ఉంచి, కొన్నాళ్ల కిందటి ఒక రాత్రి పెద్ద చప్పుళ్లకు మెలకువ వచ్చిందని సూచించారు. వారిలో 13 మంది తర్వాత ఆ చప్పుళ్లను నిజంగానే విన్నామని చెప్పారు. తమకు సూచన ఇచ్చారని తెలియజెప్పిన తర్వాత కూడా కొందరు తమ మాట మార్చుకోలేదు. ఎవరూ అబద్ధమాడలేదన్నదే ఇందులో కలవరపెట్టే విషయం. సాక్షి నిజాయితీగా ఉన్నాడు, చెబుతున్నది మాత్రం జరగలేదు.

కాలిఫోర్నియా రాష్ట్ర సుప్రీంకోర్టు 1982లో, హిప్నాసిస్‌కు లోనైన సాక్షి ఆ సంఘటనల గురించి ఇచ్చే వాంగ్మూలాన్ని ఆమోదించరాదని తీర్పు చెప్పింది. హిప్నాసిస్ ద్వారా తెచ్చుకున్న జ్ఞాపకాలు మామూలు జ్ఞాపకాల కంటే నమ్మదగినవి కావని 1985లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ నివేదిక స్పష్టం చేసింది. బాల్యంలో మీకు ఏదో జరిగిందనీ, దాన్ని మీరు అణచిపెట్టుకున్నారనీ, హిప్నాసిస్‌తో బయటికి తీస్తామనీ ఎవరైనా చెబితే, ఆ చికిత్సకు ఒప్పుకోవద్దు.

పూర్వజన్మ విషయాలు తెలుసుకోవచ్చా?

పూర్వజన్మ మీద విశ్వాసం ఉండటం వేరు, హిప్నాసిస్‌లో పలికిన మాటలను దానికి రుజువుగా తీసుకోవడం వేరు. నికొలస్ స్పానోస్ బృందం చేసిన ప్రయోగాల్లో, గత జన్మ ఎలా ఉంటుందని ముందుగా చెబితే పాల్గొన్నవారి కథలు ఆ వైపే మళ్లాయి. వారు చెప్పిన చారిత్రక వివరాలను అడిగి పరీక్షిస్తే ఎక్కువగా తప్పులే బయటపడ్డాయి. ఆ సమయంలో పొంగే దుఃఖం నిజమైనదే కావచ్చు, అది కథను నిజం చేయదు.

ఇదంతా నటన కాదని ఎలా తెలుస్తుంది?

ఇది న్యాయమైన సందేహం, పరిశోధకులు దీన్ని తీవ్రంగానే తీసుకున్నారు. పియర్ రెయిన్‌విల్ బృందం 1997లో ప్రచురించిన అధ్యయనంలో, బాధించేంత వేడి నీటిలో చెయ్యి ఉంచినవారికి, నొప్పి వల్ల కలిగే బాధ పెరుగుతోందనో తగ్గుతోందనో హిప్నాసిస్‌లో సూచనలిచ్చి, ఏ భాగం చురుగ్గా ఉందో చూపించే పెట్ స్కాన్ ద్వారా మెదడును పరిశీలించారు. నొప్పిలోని బాధతో సంబంధమున్న సింగ్యులేట్ అనే భాగంలో చురుకుదనం సూచనను బట్టి మారింది. స్పర్శను నేరుగా అందుకునే భాగంలో అటువంటి మార్పు రాలేదు. నొప్పి తగ్గిందని మాటవరసకు చెప్పినంత మాత్రాన ఇటువంటి తేడా రావడం కష్టం.

అయితే హిప్నాసిస్ పూర్తిగా విలక్షణమైన చైతన్యస్థితా, లేక ఎదురుచూపు, ఊహ, తన పాత్రపై అవగాహన వంటి మామూలు మానసిక ప్రక్రియల కలయికా అన్న చర్చ శాస్త్రవేత్తల మధ్య ఇంకా సాగుతోంది. హిల్గార్డ్ మొదటి పక్షం, థియోడర్ సార్బిన్, స్పానోస్ రెండో పక్షం. రోగికి ఆచరణలో దీనివల్ల పెద్ద తేడా రాదు. అనుభవం నిజమని ఇద్దరూ అంగీకరిస్తారు, దానికి ఇచ్చే వివరణలోనే విభేదిస్తారు.

మత్తుమందు లేకుండా ఆపరేషన్ చేయవచ్చన్నది నిజమేనా?

జేమ్స్ ఎస్‌డెయిల్ అనే స్కాటిష్ శస్త్రవైద్యుడు 1845 నుంచి బెంగాల్‌లోని హుగ్లీలోను, తర్వాత కలకత్తాలోను మెస్మర్ పేరుతో ప్రచారమైన మెస్మరిజం పద్ధతిలో వందలాది శస్త్రచికిత్సలు చేశాడు. అప్పటికి ఈథర్, క్లోరోఫాం వాడకంలోకి రాలేదు. అవి వచ్చాక ఈ పద్ధతి వెనకబడిపోయింది. నేడు హిప్నాసిస్‌ను మత్తుమందుకు బదులుగా కాక, దానికి తోడుగా వాడుతున్నారు. బెల్జియంలోని లియేజ్‌లో మారీ-ఎలిజబెత్ ఫేమన్‌విల్ బృందం 1992 నుంచి థైరాయిడ్ వంటి ఆపరేషన్లను పూర్తి మత్తు లేకుండా, హిప్నాసిస్‌తో పాటు స్థానిక మత్తు, తేలికపాటి మత్తుమందులు కలిపి నిర్వహిస్తోంది. ఇది ఎంపిక చేసిన రోగులకు, శిక్షణ పొందిన వైద్య బృందం సమక్షంలో మాత్రమే జరిగే పని.

ఏ సమస్యలకు పనికొస్తుంది, దేనికి పనికిరాదు?

నొప్పిని, వైద్య ప్రక్రియలకు ముందు కలిగే ఆందోళనను తగ్గించడంలో ఆధారాలు బలంగా ఉన్నాయి. ఎల్విరా లాంగ్ బృందం 2000లో ప్రచురించిన అధ్యయనంలో, రక్తనాళాలు, మూత్రపిండాలకు సంబంధించిన ప్రక్రియలు చేయించుకున్న 241 మందిలో, హిప్నాసిస్ తోడైనవారికి మందుల అవసరం తగ్గింది, ప్రక్రియ కూడా త్వరగా పూర్తయింది. తరచుగా కడుపునొప్పి, ఉబ్బరం, విరేచనాల తేడాలతో బాధించే ఐబీఎస్ విషయంలో మాంచెస్టర్ వైద్యుడు పీటర్ వోర్‌వెల్ 1984లో 30 మంది రోగులపై ప్రచురించిన ఫలితాలు మైలురాయిగా నిలిచాయి. మందులకు లొంగని ఐబీఎస్‌కు హిప్నోథెరపీని, అంటే హిప్నాసిస్‌తో చేసే చికిత్సను, పరిశీలించవచ్చని బ్రిటన్ వైద్య మార్గదర్శకాలు 2008 నుంచి చెబుతున్నాయి.

ధూమపానం మాన్పించడానికి దీన్ని విస్తృతంగా ప్రచారం చేస్తారు. కాని ఇతర పద్ధతుల కంటే మెరుగని చెప్పడానికి తగిన ఆధారాలు లేవని వైద్య పరిశోధనల ఫలితాలను ఒకచోట చేర్చి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 2019 నాటి సమీక్ష తేల్చింది. క్యాన్సర్‌ను, మధుమేహాన్ని, అంటువ్యాధులను హిప్నాసిస్ నయం చేయదు. క్యాన్సర్ చికిత్సలో వచ్చే వికారాన్ని, నొప్పిని, భయాన్ని తట్టుకోవడానికి తోడ్పడగలదు. దీన్ని నమ్ముకుని వేసుకుంటున్న మందులు ఆపడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే.

ఎవరు జాగ్రత్తగా ఉండాలి? దుష్ఫలితాలు ఉంటాయా?

కొందరికి కాసేపు తలనొప్పి, తల తిరగడం, మగత, ఆందోళన కలగవచ్చు. భ్రమలు, భ్రాంతులతో కూడిన తీవ్ర మానసిక వ్యాధి ఉన్నవారు మానసిక వైద్యుని పర్యవేక్షణ లేకుండా దీని జోలికి వెళ్లకూడదు. మూర్ఛవ్యాధి ఉన్నవారు, తీవ్రమైన మానసిక గాయం అనుభవించినవారు ఆ విషయాన్ని ముందే చెప్పాలి.

నా అంతట నేను చేసుకోవచ్చా?

చేసుకోవచ్చు. దీన్ని స్వీయ హిప్నాసిస్ అంటారు. ఐబీఎస్ వంటి సమస్యల చికిత్సలో చికిత్సకులే దీన్ని నేర్పి, ఇంటి దగ్గర రోజూ సాధన చేయమంటారు. రికార్డు చేసిన సూచనలు విని సాధన చేసేవారు వాహనం నడుపుతున్నప్పుడు గాని, యంత్రాల దగ్గర గాని వాటిని వినకూడదు.

మంచి చికిత్సకుడిని ఎలా గుర్తించాలి?

ఒక ప్రశ్నతో మొదలుపెట్టండి: ఈ సమస్యకు హిప్నాసిస్ తెలియకపోయినా చికిత్స చేయగల అర్హత ఈ వ్యక్తికి ఉందా? పంటి నొప్పికి దంతవైద్యుడు, కుంగుబాటుకు మానసిక వైద్యుడు లేదా క్లినికల్ సైకాలజిస్టు తమ వృత్తిలో భాగంగా హిప్నాసిస్ వాడితే అది సరైన తీరు. కొన్ని రోజుల కోర్సు చేసి పొందిన హిప్నోథెరపీ సర్టిఫికెట్ ఒక్కటే అర్హతగా ఉన్నవారు, రోగాన్ని గుర్తించడంలో పొరబడే ప్రమాదం ఎక్కువ. ఒక్క సిట్టింగులోనే నూటికి నూరు శాతం ఫలితం ఇస్తామనేవారిని, మందులు మానేయమనేవారిని, మీ ప్రశ్నలకు విసుక్కునేవారిని వదిలేయండి. ఎన్ని సిట్టింగులు పట్టవచ్చో, ఫలితం కనిపించకపోతే తర్వాత ఏం చేస్తారో మొదటి సమావేశంలోనే అడగండి. కోరుకుంటే మీకు నమ్మకమైన మనిషిని వెంట తీసుకువెళ్లడానికి అనుమతి ఉందో లేదో కూడా అప్పుడే అడిగి తెలుసుకోండి.